మంచి వాన పడ్డాక నేల ఎందుకు బిగిసింది? మూడు గ్లాసుల వీడియో, దాని వెనుక లెక్క

పైన వీడియోలో మూడు గాజు గ్లాసులు చూశారు కదా. మూడింట్లోనూ మా రేగడి చేలో తీసిన మట్టి పెళ్లలే, ఒక్కోటి శనగ గింజంత. మొదటి గ్లాసులో మా బోరు నీళ్లు పోశాను. రెండో దాంట్లో పట్టి ఉంచిన వాన నీళ్లు. మూడో దాంట్లోనూ వాన నీళ్లే, కాకపోతే ముందు రోజు రాత్రి కాస్త జిప్సం కలిపి, తేరాక పైనీళ్లు మాత్రం వాడాను. గ్లాసుల్ని కదపలేదు, కలపలేదు.

బోరు నీళ్లలో పెళ్ల విడిపోయి అడుగున కూర్చుంది, నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. వాన నీళ్ల గ్లాసులో రెండు గంటలకే పెళ్ల చుట్టూ పొగలాంటి మబ్బు లేచింది. తెల్లారేసరికి గ్లాసంతా బురద నీళ్లు. జిప్సం గ్లాసు తేటగానే ఉంది.

అంటే ఉప్పగా ఉండే బోరు నీళ్లలో నిలబడ్డ మట్టి, స్వచ్ఛమైన వాన నీళ్లలో చెదిరిపోయింది. నేను మొదట చూసినప్పుడు గ్లాసులు తారుమారయ్యాయేమో అనుకున్నాను. మళ్లీ చేశాను. మళ్లీ అదే.

ముందు నా తప్పు చెప్పాలి

రెండేళ్ల కిందట ఇదే చేలో ఒక వీడియో తీసి పెట్టాను. తొలకరి వాన పడి, చాళ్లలో నీళ్లు డికాషన్ రంగులో నల్లగా నిలబడ్డాయి. ఆ నీళ్లు దోసిట్లో పట్టి చూపించి, "చూడండి, జీవామృతం పోసి పోసి హ్యూమస్ ఎంత పెరిగిందో, నీళ్లే నల్లగా మారాయి" అన్నాను. చౌడు నేలకైనా, బోరు నీళ్లు ఎలాంటివైనా జీవామృతం, మల్చింగు చాలని, ఇంకేమీ అక్కర్లేదని కూడా అన్నాను.

ఆ నల్ల నీళ్లు నాలుగు రోజులు ఇంకలేదు. ఆరాక పైన పెచ్చు కట్టింది. కంది విత్తనం కింద మొలకెత్తింది గానీ పైకి రాలేకపోయింది. వేలితో పెచ్చు లేపి చూస్తే మొలకలు పాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. మా నాన్న గట్టు మీద నిలబడి ఒకటే మాట అన్నాడు: "చౌడు పట్టిందిరా." నేను ఒప్పుకోలేదు. సూక్ష్మజీవులకి ఇంకా టైమియ్యాలి అన్నాను.

ఆ తర్వాతి ఏడు ఒక అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నీ వీడియో చూసి నువ్వు చెప్పినట్టే చేశాను. ఎండాకాలమంతా బోరు నీళ్లతో కూరగాయలు బాగానే వచ్చాయి. వాన పడ్డాక నేల రాయైపోయింది. విత్తనం మొత్తం పోయింది" అన్నాడు. విత్తనం ఖర్చు నేనిస్తానన్నాను. "డబ్బులొద్దు తమ్ముడూ, ఆ వీడియో సంగతి చూడు" అన్నాడు.

అప్పుడు మట్టి, నీళ్లు రెండూ పరీక్షకి ఇచ్చాను. మట్టి పీహెచ్ 8.9. బోరు నీళ్ల ఈసీ 1.9. నీళ్లలో మిగులు సోడియం కార్బొనేటు, ఆర్ఎస్‌సీ అంటారు, 5. అది 1.25 లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీళ్లు సేద్యానికి పనికిరావని లెక్క. మట్టి పట్టుకున్న పోషకాల్లో సోడియం వాటా, అంటే ఈఎస్‌పీ, 16 శాతం. అమెరికా వాళ్లు 1954లో వేసిన చౌడు నేలల పుస్తకంలో 15 దాటితే చౌడు అని గీత గీశారు. రేగడిలో అంతకన్నా చాలా ముందే, 6 శాతం దగ్గర్నుంచే ఇబ్బంది మొదలవుతుంది.

డిప్లొమాలో ఇవన్నీ చదివినవే. మార్కుల కోసం చదివాను. చేలో వాన నీళ్లు నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు.

మట్టి రేణువుకి చార్జి ఉంటుంది

బంకమట్టి రేణువుని పెద్దది చేసి చూస్తే అప్పడాల కట్టలాగా పొరలు పొరలుగా ఉంటుంది. రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లొనైట్ బంకమట్టిలో ఒక్కో అప్పడం మందం సుమారు 1 నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. ఒక్క గ్రాము బంకమట్టిలో ఈ అప్పడాలన్నీ పరిస్తే 700 చదరపు మీటర్లు దాటుతుంది.

ఈ అప్పడం తయారయ్యేటప్పుడే అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడా మెగ్నీషియం, సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడా అల్యూమినియం దూరాయి. కొత్తగా వచ్చినవాటికి ప్లస్ చార్జి ఒకటి తక్కువ. కాబట్టి అప్పడం మొత్తానికి మైనస్ చార్జి మిగిలిపోయింది. ఆ చార్జి మనం ఏం పోసినా పోదు. హ్యూమస్‌కి కూడా మైనస్ చార్జే. అందుకే ప్లస్ చార్జి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, అమ్మోనియం, సోడియం మట్టిని అంటిపెట్టుకుని ఉంటాయి. మైనస్ ఉన్న నైట్రేటు నీళ్లతోపాటు జారిపోతుంది. కిలో బంకమట్టి ఇలా ఎన్ని ప్లస్‌లని పట్టుకోగలదో దాన్ని సీఈసీ అంటారు. మాంట్‌మోరిల్లొనైట్‌కి అది 80 నుంచి 120 దాకా ఉంటుంది. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కయొలినైట్‌కి 3 నుంచి 15. మా చేలో మట్టికి మొత్తం మీద 40 వచ్చింది.

ఈ సంగతి మొదట బయటపెట్టిన వాళ్లలో ఒకాయన రైతే. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు భూస్వామి థాంప్సన్. ఆయన మట్టిలో అమ్మోనియం సల్ఫేటు పోసి పైనుంచి నీళ్లు పోస్తే, కింద అమ్మోనియం రాలేదు, కాల్షియం సల్ఫేటు వచ్చింది. అంటే జిప్సం. అమ్మోనియం లోపల కూర్చుని, అక్కడున్న కాల్షియంని లేపి పంపింది. 1850లో ఇది అచ్చయింది. ఆ వెంటనే రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ కెమిస్టు జాన్ థామస్ వే దాన్ని రకరకాల మట్లతో వివరంగా పరీక్షించాడు. మా చేలో జరిగిందీ అలాంటి మార్పిడే: బోరు నీళ్లతో వచ్చిన సోడియం కూర్చుంది, కాల్షియం లేచిపోయింది.

తేనెతుట్టె లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. సోడియం కూర్చుంటే ఏమైంది? అది బోరు నీళ్లు పెట్టినప్పుడు కాకుండా వాన పడ్డప్పుడే ఎందుకు బయటపడింది?

దీనికి జవాబు చెప్పిన లెక్క మట్టి కోసం పుట్టింది కాదు. 1910లో ఫ్రాన్సులో గూయ్, 1913లో ఇంగ్లండులో చాప్‌మన్, ఎవరికి వారు ఒకే లెక్క వేశారు. నీళ్లలో ఉన్న మైనస్ చార్జి పలక చుట్టూ ప్లస్ అయాన్లు ఎలా సర్దుకుంటాయి అన్నది ప్రశ్న. పలక వాటిని లోపలికి లాగుతుంది. అయాన్లు మాత్రం వేడి వల్ల ఎప్పుడూ కదులుతూ, కిక్కిరిసిన చోట నుంచి ఖాళీ చోటికి పోవాలని చూస్తాయి. ఈ రెండూ సరిసమానమైన చోట పలక చుట్టూ మబ్బులాగా ఆగుతాయి. తేనెతుట్టె చుట్టూ ఈగలు ముసిరినట్టు: దగ్గర ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పల్చగా.

1924లో జర్మనీ శాస్త్రవేత్త స్టెర్న్ ఒక లోపం సరిచేశాడు. గూయ్, చాప్‌మన్ లెక్కలో అయాన్లకి సైజు లేదు, చుక్కలు. దాంతో పలకని ఆనుకుని ఎన్నయినా పట్టేస్తాయని అర్థంలేని జవాబు వచ్చేది. స్టెర్న్ ఏమన్నాడంటే, కొన్ని ఈగలు తుట్టె మీదే కూర్చుని ఉంటాయి, వాటికి బస్సులో సీట్లలాగా హద్దు ఉంటుంది, మిగతావే చుట్టూ ఎగురుతుంటాయి. ఈ సీట్ల ఆలోచన అంతకుముందు లాంగ్‌మ్యూర్ అనే అమెరికన్ వేసిన లెక్కలోది.

ఇప్పుడు రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి, అయాన్ చార్జి. కాల్షియంకి ప్లస్ 2, సోడియంకి ప్లస్ 1. కాల్షియంని పలక గట్టిగా లాగుతుంది, కాబట్టి మబ్బు పల్చగా, దగ్గరగా ఉంటుంది. పైగా సోడియం తన చుట్టూ ఉన్న నీటిని వదలకుండా దూరంగా తిరుగుతుంటుంది, మబ్బు పెద్దదవుతుంది.

రెండు, బయటి నీళ్ల ఉప్పదనం. బయట నీళ్లలోనూ ఉప్పు ఎక్కువుంటే అయాన్లకి బయటికి పోవాల్సిన తొందర తగ్గుతుంది, మబ్బు ముడుచుకుంటుంది. బయట చప్పటి నీళ్లుంటే మబ్బు విచ్చుకుంటుంది.

ఎంత విచ్చుకుంటుందో లెక్క ఉంది. సోడియం లాంటి ఒంటి చార్జి ఉప్పు లీటరుకి 20 మిల్లీమోల్ ఉంటే మబ్బు మందం సుమారు 2 నానోమీటర్లు. అది 1 మిల్లీమోల్‌కి పడిపోతే సుమారు 10 నానోమీటర్లు. మా బోరు నీళ్ల ఈసీ 1.9 అంటే ఇంచుమించు ఆ 20 దగ్గరే. పెద్ద వాన పడి పైమట్టిలో ఉప్పు కడుక్కుపోతే 1 దగ్గరికి వస్తుంది. అంటే ఒక్క వానకి ప్రతి రేణువు చుట్టూ ఉన్న మబ్బు ఐదింతలు ఉబ్బింది.

రెండు రేణువులు దగ్గరగా ఉన్నప్పుడు వాటి మబ్బులు ఒకదాన్లోకి ఒకటి దూరితే ఆ సందులో అయాన్లు కిక్కిరిసిపోతాయి. దాన్ని పల్చన చేయడానికి నీళ్లు లోపలికి దూరతాయి, రేణువులు విడిపోతాయి. మబ్బు చిన్నగా ఉన్నప్పుడు మాత్రం రేణువుల మధ్య సహజంగా ఉండే ఆకర్షణ గెలిచి అవి గుంపుగా ఉంటాయి. ఆ గుంపుల మధ్య సందులే నీళ్లు ఇంకే దారులు. గుంపు విడిపోతే ఆ చిన్న రేణువులు నీళ్లలో తేలి, పోయి పోయి ఆ సందుల్లోనే అడ్డం పడతాయి. ఆరాక పెచ్చు.

ఇప్పుడు గ్లాసులు మళ్లీ చూడండి. బోరు నీళ్లే చేనుకి సోడియం ఎక్కించాయి, ఆ నీళ్ల ఉప్పే దాని రోగాన్ని దాచిపెట్టింది. ఎండాకాలమంతా కూరగాయలు బాగున్నది అందుకే. వాన నీళ్లు రోగాన్ని తేలేదు, ముసుగు తీశాయి. జిప్సం గ్లాసులో రెండూ కలిశాయి: నీళ్లలో ఉప్పు పెరిగింది, పైగా కాల్షియం వచ్చి సోడియం సీట్లు తీసుకుంది.

దీన్ని మట్టి మీద చేసి చూపించినవాళ్లు క్విర్క్, స్కోఫీల్డ్. 1955లో అచ్చయిన వాళ్ల పేపరులో, మట్టి గుండా పంపే నీళ్లలో ఉప్పు తగ్గించుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర ఇంకడం పడిపోతుందని, మట్టిలో సోడియం వాటా ఎంత ఎక్కువుంటే ఆ హద్దు అంత త్వరగా తగులుతుందని చూపించారు. మనం గ్లాసులో చేసే పరీక్ష ఆస్ట్రేలియాకి చెందిన ఎమర్సన్ 1967లో పద్ధతిగా రాసిన దానికి ఇంటి రూపం.

ఆ నల్ల నీళ్లు ఏంటి మరి?

అది హ్యూమసే. కానీ పెరిగిన హ్యూమస్ కాదు, కారిపోతున్న హ్యూమస్. హ్యూమస్‌కీ మైనస్ చార్జే అన్నాను కదా. కాల్షియం రెండు చేతులున్నవాడిలాగా ఒక చేత్తో బంకమట్టిని, ఒక చేత్తో హ్యూమస్‌ని పట్టుకుని కలిపి ఉంచుతుంది. సోడియంకి ఒకటే చెయ్యి. పీహెచ్ ఎక్కువగా ఉండి సోడియం నిండితే హ్యూమస్ విడిపోయి నీళ్లలో కరిగిపోతుంది. పాత పుస్తకాల్లో నల్ల చౌడు అని రాసింది దీన్నే. నేను దోసిట్లో పట్టి సంబరంగా చూపించింది నా ఎరువు దిబ్బ కొట్టుకుపోవడాన్ని.

జీవామృతం తప్పా అంటే కాదు. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి కలిపితే దాంట్లోంచి వచ్చే కాల్షియం ఎంత? మా చేలో ఎకరానికి జానెడు లోతు మట్టి పట్టుకున్న సోడియం వెయ్యి కిలోలు దాటుతుంది. సీటులో ఉన్నవాడిని లేపాలంటే అన్ని సీట్లకి సరిపడా మనుషులు రావాలి. పైగా ప్రతి తడికీ బోరు కొత్త సోడియం తెచ్చి పోస్తోంది. ఆ నీళ్లలో ఉన్న బైకార్బొనేటు మట్టిలోని కాల్షియంని సున్నంగా గడ్డకట్టించి పక్కన పెట్టేస్తోంది. సూక్ష్మజీవులు ఎంత కష్టపడినా ఈ లెక్క మారదు.

మా చేను లెక్క

మీది మీ పరీక్షని బట్టి వేసుకోండి, పద్ధతి ఇదీ. సీఈసీ 40లో 16 శాతం సోడియం అంటే 6.4. దాన్ని 6 శాతానికి, అంటే 2.4కి దించాలి. తీయాల్సింది 4. పైన 15 సెంటీమీటర్ల మట్టికి ఒక్కో యూనిట్‌కి ఎకరాకి సుమారు 780 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. నాలుగుకి 3 టన్నుల పైన. ఒక్కసారి పెట్టలేక తొలకరి ముందు టన్నున్నర, తర్వాతి ఏడు ఇంకో టన్నున్నర వేశాను.

జిప్సం చల్లేసి ఊరుకుంటే పని కాదు. కిలో జిప్సం కరగడానికి మామూలుగా 400 లీటర్ల నీళ్లు కావాలి. 3 టన్నులకి ఎకరం మీద 300 మిల్లీమీటర్ల వాన. లేచిపోయిన సోడియం బయటికి పోవడానికి దారి కూడా కావాలి. అందుకే ముందు పల్లం వైపు మురుగు కాలువ తీయించాను. కాలువ లేకపోతే సోడియం లేచి, కాస్త కిందికి పోయి, ఎండాకాలం మళ్లీ పైకొస్తుంది.

బోరు నీళ్లకి వేరే లెక్క. ఆర్ఎస్‌సీలో ఒక్క యూనిట్ తగ్గించడానికి వెయ్యి లీటర్లకి 86 గ్రాముల జిప్సం. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు, యూనిట్‌కి 17 కిలోలు. 5 నుంచి 2.5కి దించాలంటే తడికి 43 కిలోలు. నీటి తొట్టిలో జిప్సం రాళ్లు పేర్చి వాటి మీదుగా నీళ్లు పారిస్తున్నాను. కొత్త సోడియం ఆగకపోతే చేలో వేసింది వృథా.

ఆ తర్వాత జీలుగ. జిప్సం కరిగి మొదటి వానలు పోయాక చల్లి, పూతకి ముందు కలియదున్నాను. జీలుగ వేళ్లు వదిలే కార్బన్ డయాక్సైడు మట్టిలో ఉన్న సున్నపు గడ్డల్ని కరిగించి సొంత కాల్షియంని బయటికి తెస్తుంది. మా పెద్దలు చౌడుకి జీలుగ వేయమన్నది ఊరికే కాదు. దాని తర్వాతే జీవామృతం, మల్చింగు. ఇప్పుడు అవి పని చేస్తున్నాయి, ఎందుకంటే చేసిన హ్యూమస్‌ని పట్టి ఉంచడానికి కాల్షియం ఉంది.

రెండేళ్లకి ఈఎస్‌పీ 16 నుంచి 9కి వచ్చింది. 6 ఇంకా రాలేదు. నాలుగు రోజులు నిలిచే వాన నీళ్లు ఇప్పుడు ఒక రోజులో ఇంకుతున్నాయి. ఈసారి కంది మొలిచింది, ఒక మూల తప్ప.

ఈ లెక్కకీ హద్దులున్నాయి

గూయ్, చాప్‌మన్ లెక్క సోడియంకి బాగా కుదురుతుంది, కాల్షియంకి అంత కుదరదు. ఆ లెక్క ప్రకారం కాల్షియం రేణువులు కూడా ఎంతోకొంత తోసుకోవాలి. నిజానికి అవి కొన్ని అప్పడాల కట్టలుగా అతుక్కునే ఉంటాయి. 1984లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక్కో అయాన్‌ని విడిగా కంప్యూటరులో కదిలించి చూసి, రెండు చార్జీల అయాన్లు ఒకదాని కదలికని బట్టి ఇంకొకటి సర్దుకోవడం వల్ల పలకల మధ్య ఆకర్షణే పుట్టగలదని చూపించారు. మనకి దీని అర్థం, కాల్షియం గొప్పదనం పాత లెక్క చెప్పినదానికన్నా ఎక్కువే.

"జిప్సం బయటి సరుకు కదా?"

ఈ ప్రశ్న కామెంట్లలో వస్తుందని తెలుసు, నన్ను నేనే ఏడాది పాటు అడుక్కున్నాను. గనిలో తవ్వే జిప్సం ఖనిజం. మన దేశపు సేంద్రియ ప్రమాణాల్లో వాడదగిన వాటి జాబితాలో ఉంది. సర్టిఫికేషన్ ఉన్నవాళ్లు మాత్రం వేసేముందు మీ సంస్థకి చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి. ఎరువుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఫాస్ఫోజిప్సం వేరు, రెండూ ఒకటనుకుని కొనకండి. ఇక బోరు నీళ్లతో రోజూ సోడియం బయటి నుంచి తెచ్చి పోస్తూ, కాల్షియం మాత్రం బయటిది వద్దనడం నాకైతే సబబుగా అనిపించలేదు. మంచి నీళ్లు, చౌడు లేని నేల ఉన్నవాళ్లకి ఇదేమీ అక్కర్లేదు. పరీక్ష లేకుండా ఎవరూ వేయొద్దు.

పాత వీడియో తీసేయలేదు. దాని మొదట్లోనే "ఇందులో నల్ల నీళ్ల గురించి చెప్పింది తప్పు" అని పెట్టి, ఈ వీడియో లింకు ఇచ్చాను. ఆ అన్న చేలో కూడా మూడు గ్లాసులు పెట్టి చూశాం, మా దానిలాగే వచ్చింది. ఈ తొలకరికి ముందు కాలువ తీస్తున్నాడు.

మీరు చేయాల్సింది

నీడలో ఆరిన మట్టి పెళ్లలు, శనగ గింజంతవి, పొలంలో మూడు నాలుగు చోట్ల నుంచి తీసుకోండి. వాన నీళ్లు లేకపోతే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ముందు గ్లాసులో నీళ్లు పోసి, తర్వాత పెళ్లని మెల్లగా జారవిడవండి. కదపకండి. రెండు గంటలకోసారి, తెల్లారి ఇంకోసారి చూడండి. పెళ్ల విడిపోయి నీళ్లు తేటగా ఉంటే అది చౌడు కాదు, సేంద్రియ పదార్థం తక్కువ, మీ జీవామృతం, మల్చింగు దానికి సరైన మందు. పెళ్ల చుట్టూ మబ్బు లేస్తే మట్టి, నీళ్లు రెండూ ల్యాబుకి పంపండి, ఈఎస్‌పీ, ఆర్ఎస్‌సీ అడగండి.

గ్లాసుల ఫోటో కామెంట్లలో పెట్టండి, ఏ నేల, ఏ నీళ్లో రాయండి. వచ్చే వీడియోలో వాటినే చూద్దాం. ఉంటానండి.